ఎర్రబడినదంతా ఎముకేనా?

మోనోక్లోనల్ యాంటీబాడీ మందులకు (ఒంట్లోని ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబులో తయారుచేసే ప్రొటీన్లు) జంతు పరీక్షలను దశలవారీగా తగ్గిస్తామని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఎముకలు గుల్లబారినవారికి ఇచ్చే డెనోసుమాబ్ ఆ కోవలోదే. దాంతో పాత తగువు మళ్లీ లేచింది: జంతువులకు బదులు, ల్యాబు ప్లేటులో కణాల నుంచి పెరిగిన ఎముకను చూసి మందు పనితనాన్ని తేల్చవచ్చా?

ఈ కథను చాలామంది 1929తో మొదలుపెడతారు. హానర్ ఫెల్, రాబర్ట్ రాబిసన్ కోడిపిండాల తొడ ఎముకలను ఒంటికి బయట పెంచిన ఏడాది అది. కానీ ఇప్పటి తగువు 1980లలో పుట్టింది. ఫెల్ ఎముక మొగ్గను మొత్తంగా పెంచారు. తర్వాతివారు ఎలుక పిల్లల పుర్రె ఎముకను ఎంజైముతో కరిగించి, విడి కణాలను పెంచారు. వాటి చుట్టూ ఎముకను గట్టిపరిచే ఖనిజం పట్టడానికి విటమిన్ సితో పాటు బీటా-గ్లిసరోఫాస్ఫేట్ అనే రసాయనం కలిపారు. 1986లో టొరంటోలో బెలోస్, ఆబిన్ బృందం అలా ఖనిజం పట్టిన బుడిపెలను చూపించాక ఆ పద్ధతి ఎన్నో ల్యాబులకు పాకింది.

మెలిక అక్కడే ఉంది. కణాల మీదుండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఆ బీటా-గ్లిసరోఫాస్ఫేట్‌ను విడగొట్టి ఫాస్ఫేట్‌ను వదులుతుంది. తరచూ వేసే మోతాదు 10 మిల్లీమోలార్. పెద్దవాళ్ల రక్తంలో ఫాస్ఫేట్ ఉండేది సుమారు 1 మిల్లీమోలార్. అసలు ఎముకలో ఖనిజం కొలాజెన్ అనే ప్రొటీన్ పోగుల వెంబడి అమరుతుంది. అంత ఫాస్ఫేట్ ఒక్కసారి వచ్చిపడితే ద్రవంలోని కాల్షియంతో కలిసి, కొలాజెన్ పోగులు లేనిచోట, చచ్చిన కణాల మీద కూడా పేరుకుంటుంది. ఖనిజాన్ని గుర్తించడానికి వేసే అలిజరిన్ రంగు కాల్షియాన్ని పట్టుకుంటుంది కాబట్టి అదీ ఎర్రగానే మెరుస్తుంది. వాన్ కోసా అనే మరో రంగు పద్ధతిలో వెండి, ఫాస్ఫేట్‌కు అంటుకుని నల్లబడుతుంది. ఖనిజం పోగుల వెంబడి అమరిందో లేదో ఈ రెండూ చెప్పలేవు.

2003లో ఎముక పరిశోధకురాలు బోన్‌వాల్డ్ బృందం ప్లేటులో ఇలా పెంచిన కణాలను అసలు ఎలుక పుర్రె ఎముకతో పోల్చింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో, పరారుణ కిరణాలతో పరీక్షించి, వాన్ కోసా రంగు ఒక్కదాన్నే నమ్మి ఎముక ఏర్పడిందనకూడదని తేల్చింది. అయినా రంగు ఫొటోతోనే సరిపెట్టే పేపర్లు ఆగలేదు. రేపు ఆ ఫొటోల భరోసాతోనే మందు రోగిదాకా వెళ్తే?

జంతువులు వద్దనేవారి మాటలోనూ బలముంది. డెనోసుమాబ్ మామూలు ఎలుకల్లో పనిచేయదు. కోతులను వాడాల్సి వచ్చింది. మన దేశమూ 2023లో నిబంధనలు సవరించి కణాల ఆధారిత పరీక్షలకు దారి ఇచ్చింది. ఆ దారిన వచ్చే ప్రతి దరఖాస్తులో రంగు ఫొటో పక్కన, కొలాజెన్ పోగుల వెంట ఖనిజం అమరిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాన్నీ అడగాలి.