గోళీకి ముందూ వెనకా లేవు

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ,

తాతయ్య ఆశీస్సులు. హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో ఉన్న వండర్‌లా పార్కుకి వెళ్లి, రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కొచ్చాక మీలో చిన్నది ఫోన్లో ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, రీకాయిల్ ముందుకెళ్లేటప్పుడు బాగానే ఉంది. వెనక్కొచ్చేటప్పుడు మాత్రం కడుపులో కవ్వం పెట్టి తిప్పినట్టయింది. వెనక్కి వచ్చేటప్పుడు స్పీడు పెంచుతారా?" పెంచరమ్మా. పెంచడానికి ఆ బండికి ఇంజనే లేదు.

నమ్మకం కుదరకపోతే వంటింట్లోంచి గుండ్రటి అడుగున్న మూకుడు, ఒక గోళీ తెచ్చుకోండి. మూకుడు జిడ్డు లేకుండా తుడవండి, పనయ్యాక కడిగి పెట్టండి, లేకపోతే తిట్లు నాకు పడతాయి. గోళీని అంచు దగ్గర పట్టుకుని, తొయ్యకుండా వదలండి. అడుక్కి జారి అవతలి గోడ ఎక్కుతుంది. కానీ వదిలినంత ఎత్తుకి చేరదు. కాస్త కిందే ఆగి, మళ్లీ ఇటు దొర్లుతుంది, ఈసారి ఇంకా తక్కువ ఎక్కుతుంది. గాలీ, రాపిడీ ప్రతి విడతా తమ వాటా పట్టుకుపోతాయి.

నువ్వెక్కింది ఈ మూకుడే. ఈ రకం కోస్టర్‌ని బూమరాంగ్ అంటారు. నెదర్లాండ్స్‌కి చెందిన వెకోమా కంపెనీ 1984 నుంచి దేశదేశాల్లో నిలబెడుతున్న నమూనా కొలతలు చెబుతాను. పట్టా పొడవు 285 మీటర్లు, అంతే. ఆ చివర ఒక కొండ, ఈ చివర ఒక కొండ, ఒక్కోటీ 35 మీటర్ల పైచిలుకు. బండికి ఏడు పెట్టెలు, పెట్టెకి నలుగురు, మొత్తం 28 మంది.

స్టేషన్లో అందరూ ఎక్కాక, వెనకనుంచి ఒక కొక్కెం బండిని పట్టుకుని మొదటి కొండ మీదికి లాక్కుపోతుంది. వీపు పైకి, మొహం కిందికి. మీ బరువంతా భుజాల మీది కడ్డీకి వేలాడుతూ ఉంటుంది, బయల్దేరిన స్టేషనే కాళ్ల కింద అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. పైన కొక్కెం వదిలేస్తుంది. ఆ క్షణంలో కడ్డీ మీది బరువు చటుక్కున మాయం! గుండె జారినట్టనిపించేది అందుకే. బండి గంటకి సుమారు 75 కిలోమీటర్ల వేగంతో స్టేషన్ దాటి, పడగ విప్పిన పాములాంటి మెలికలో రెండుసార్లు, నిలువు చక్రంలో ఒకసారి తలకిందులై, రెండో కొండ ఎక్కుతుంది.

ఇక్కడ గోళీకొచ్చిన చిక్కే బండికీ వస్తుంది. సొంతంగా పైదాకా ఎక్కలేదు. అందుకే ఆ కొండ మీద గొలుసు ఉంటుంది. ఆగబోయే బండిని అందుకుని మిగతా ఎత్తు లాగుతుంది. ఇప్పుడు మీరు వెల్లకిలా ఉంటారు, ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ ఉండదు. గొలుసు వదిలేయగానే వచ్చిన దారినే, వచ్చిన మెలికల్లోంచే, వెనక్కి. మళ్లీ మూడు పల్టీలు. మొత్తం ఆరు. చివరికి స్టేషన్లో బ్రేకులు పట్టుకుంటాయి. ఒకే పట్టా మీద అటూ ఇటూ తిరిగేది గనక రెండో బండి పెట్టే వీల్లేదు. లైను అంతసేపు కదలకపోవడానికి కారణం అదే, పాపం ఆపరేటర్ని విసుక్కోకండి.

మూకుణ్ణి అప్పుడే లోపల పెట్టెయ్యకండి. పేరిన నెయ్యి రాసి అదే గోళీని వదలండి, బద్ధకంగా దొర్లుతుంది. చలికాలం పొద్దున కోస్టర్‌కీ ఇంతే. బేరింగుల్లో గ్రీజు గట్టిపడుతుంది, చక్రాల చుట్టూ ఉండే పాలీయురేథేన్ అనే రబ్బరులాంటి తొడుగు బిరుసెక్కుతుంది. దానికితోడు బండి ఖాళీగా ఉండి ఎదురుగాలి కొట్టిందంటే గొలుసు దాకా చేరకపోవచ్చు. చేరకపోతే మూకుడులో గోళీ లాగే నాలుగు ఊపులు ఊగి పల్లంలో నిలబడిపోతుంది. గేట్లు తెరవకముందే ఖాళీ బండిని పదేపదే తిప్పేది ఒళ్లు వేడెక్కడానికే, మీ పీటీ మాస్టారు పరిగెత్తించినట్టు.

ఇక అసలు సంగతి. గోళీకి ముందూ వెనకా లేవు. బండికీ లేవు. పట్టా మీద దొర్లే చక్రాలు, పక్కనుంచి ఒత్తే చక్రాలు, బండి పైకి లేవకుండా అడుగునుంచి పట్టే చక్రాలు, బండి ఎటు పోయినా ఈ మూడు జట్లూ తమ తమ పని ఒకేలా చేస్తాయి. ముందూ వెనకా ఉన్నది మీకే.

ఈ ముక్క అమెరికా వాళ్లు పాతికేళ్ల పాటు చేసి చూపించారు. ఒహాయోలో కింగ్స్ ఐలాండ్ అనే పార్కుంది. అక్కడ 1972లో ది రేసర్ అనే చెక్క కోస్టర్ కట్టారు. అద్దంలో నీడలా పక్కపక్కనే రెండు పట్టాలు, 88 అడుగుల ఎత్తు, రెండు బళ్లకీ పందెం. 1982లో ఒక వైపు బళ్లని మాత్రం వెనక్కి తిప్పి పెట్టారు. బండి పోయే దిక్కు మార్చడం కుదరదు. మామూలు కోస్టర్ కొండెక్కేటప్పుడు టకటక వినిపిస్తుంది చూడండి, గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఇనప నాలుక ఒక్కో పంటిలో పడే చప్పుడది. అందుకని దిక్కు అలాగే ఉంచి, మనుషుల మొహాలు తిప్పారు. అదే కొండ, అదే పల్లం, అయినా అటు కూర్చుంటే వేరే కోస్టర్ ఎక్కినట్టే. 2008లో మళ్లీ అందరినీ ముందుకే తిప్పేశారు. జపాన్‌లో ఒసాకా యూనివర్సల్ పార్కు వాళ్లు 2013లో హాలీవుడ్ డ్రీమ్ కోస్టర్‌కి వెనక్కి పోయే బండిని చేర్చారు. ఫ్లోరిడా డిస్నీలో 2006 నాటి ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌ది ఇంకో యుక్తి. ఎదురుగా పట్టా విరిగిపోయినట్టు కనిపించే చోట బండి ఆగుతుంది. మీరు నోరు తెరిచి అటే చూస్తుండగా, వెనకాల పట్టా ముక్క బోర్లాపడి దారి మారిపోతుంది. బండి చీకట్లోకి వెనక్కి జారుతుంది.

మరి కడుపులో కవ్వం ఎందుకు? ముందుకి చూస్తున్నప్పుడు మలుపు రాకముందే కన్ను చూస్తుంది, మెడ బిగుసుకుంటుంది, పొట్ట సర్దుకుంటుంది. ఇదంతా మీకు తెలియకుండానే జరిగిపోతుంది. వెనక్కి పోతుంటే దాటిపోయిన మలుపే కనిపిస్తుంది, రాబోయేది తెలియదు. చెవిలోపల మూడు సన్నటి గొట్టాలున్నాయి, వాటిలో నీరులాంటి ద్రవం కదిలి తల ఎటు తిరిగిందో చెబుతుంది. ఆ కబురు అందేసరికే మెడ ఊగిపోయి ఉంటుంది. షేర్ ఆటోలో వెనక బెంచీ మీద కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చుంటే గతుకు ముందు నడుముకి తెలుస్తుంది, తరవాతే కళ్లకి కనిపిస్తుంది కదా, అదే ఇది. ఎడ్లబండి తోకన కూర్చునే మా కాలపు పిల్లలకి ఈ విద్య పుట్టుకతోనే వచ్చేది. ఎడ్లు నిదానంగా నడుస్తాయి గనక దెబ్బలు మాత్రం తగిలేవి కావు.

ఈసారి ఎక్కేటప్పుడు ఇలా చెయ్యండి. తలని సీటుకి ఆనించి గట్టిగా నొక్కి పెట్టండి, మధ్యలో వదిలితే కడ్డీ చెవులకి కొడుతుంది. కమ్మలూ కళ్లజోడూ కిందే ఇచ్చెయ్యండి. తిన్న గంటన్నర దాకా ఎక్కొద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. కళ్లు మూసుకుంటే చెవి ఒక్కటే మాట్లాడుతుంది, కొందరికి తిప్పడం ఎక్కువవుతుంది. కళ్లు తెరిచి దూరంగా కదలనిదేదైనా చూడండి. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లు ఎక్కకూడదు, తాతయ్య సహా. గేటు దగ్గరి ఎత్తు గీతకి అందనివాళ్లు మునివేళ్ల మీద లేవకూడదు, కడ్డీ సరిగ్గా పట్టేది ఆ ఎత్తు ఉన్నవాళ్లనే. భయపడి లైన్లోంచి తప్పుకున్నవాణ్ణి ఆటపట్టిస్తే మాత్రం నేనూరుకోను.

ఇంకోటి. మామూలు కోస్టర్‌లో కుదుపు ఎక్కువ చివరి వరసకి అంటారు. వెనక్కి వచ్చేటప్పుడు చివరి వరస ఏదవుతుంది? ముందు కూర్చుని గొప్పలు పోయినవాళ్లదే!

మళ్లీ వెళ్లినప్పుడు ఎక్కేముందు ఒక్క విడత కంచె బయట నిలబడి చూడండి. రెండో కొండ మీద బండి సొంతంగా ఎంతదాకా ఎక్కింది, గొలుసు ఎక్కడ అందుకుంది? పొద్దున ఖాళీ బండికీ, మధ్యాహ్నం నిండు బండికీ ఆ చోటు ఒకటేనా? కొండ స్తంభాలు లెక్కపెట్టి గుర్తు పెట్టుకుని, నాకు ఉత్తరం రాయండి. ఫోన్ వద్దు.

మీ తాతయ్య