పాత చేపల పడవలో నీళ్ళ జాడ

పాత చేపల పడవ బేరానికి వచ్చిందంటే చాలామంది నేరుగా ఇంజన్ దగ్గరికే పోతారు. ఎన్ని గంటలు నడిచింది, పొగ ఏ రంగులో వస్తోంది, చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకుంటుందా అని చూస్తారు. చూడాల్సిందే, కాదనను. కానీ వరస తప్పు. ఇంజన్ పాడైతే విప్పి బాగుచేయవచ్చు, దించేసి ఇంకొకటి బిగించవచ్చు. పడవ ఒళ్ళు పాడైతే మార్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ముందు పడవను నీళ్ళలోంచి పైకి తీయించి, అడుగుభాగం చూశాకే మిగతా మాటలు మాట్లాడాలి.

చూసేటప్పుడు మనసులో ఒకే ప్రశ్న ఉంచుకుంటే పని తేలికవుతుంది: లోపలికి చేరి బయటికి పోలేక చిక్కుకున్న నీరు ఎక్కడుంది? కింద ఉన్న సముద్రాన్ని ఆపడానికే పడవను కట్టారు, ఆ పని అది ఏళ్ళ తరబడి బాగానే చేస్తుంది. డెక్ అనే పై తలం మీద పడ్డ వాన, వలలు కడిగిన నీళ్ళు, చేపల గదిలో కరిగిన ఐసు, ఇవి పైనుంచి దిగుతాయి. స్క్రూ రంధ్రంలోంచి, సందులు మూసే సీలెంట్ ఎండిపోయిన చోట దాని పక్కనుంచి జారి, గాలి తగలని చోట చేరి అక్కడే ఉండిపోతాయి. పాత పడవల్లో కనిపించే జబ్బుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఫైబర్ పడవతో మొదలుపెడదాం. గాజు నారను, గట్టిపడే జిగురులాంటి పాలిస్టర్ రెజిన్‌లో తడిపి పొరలుగా పేర్చి, బయట జెల్‌కోట్ అనే నున్నటి పూత వేస్తే అది ఫైబర్‌గ్లాస్. డెక్, వెనక పలక లాంటి చోట్ల బరువు పెరగకుండా బిగువు రావాలని రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా కలపో, ప్లైవుడ్డో, ఫోమో పెడతారు. ఇందులో ఒక అందమైన లెక్క ఉంది. పలక వంగకుండా నిలబడే శక్తి దాని మందానికి ఘనంగా పెరుగుతుంది. మందం రెండింతలైతే బిగువు ఎనిమిదింతలు. కానీ పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే పలకలా కదిలినంతవరకే ఈ లెక్క నిలుస్తుంది. రెండు సమానమైన పలకలను జిగురుతో అంటిస్తే ఎంత బిగువు వస్తుందో, ఊరికే ఒకదాని మీద ఒకటి పెడితే అందులో నాలుగో వంతే వస్తుంది. మధ్య కలప నాని పొర విడిపోయిన పడవలో జరిగేది ఇదే. పైకి అదే మందం, అదే రంగు, లోపల బలం మాత్రం ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి చెవి చాలు. చిన్న ప్లాస్టిక్ సుత్తి, లేకపోతే స్క్రూడ్రైవర్ పిడి తీసుకుని జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. కుండ పగిలిందో లేదో మోతే చెప్పినట్టు, గట్టిగా అతుక్కున్న చోట మోత ఖంగున, పొడిగా, పైస్థాయిలో వస్తుంది. పొరలు విడిపోయిన చోట బొద్దుగా, మందంగా వస్తుంది. అతుక్కున్న పలక మొత్తంగా వేగంగా కంపిస్తుంది. విడిపోయిన చోట పల్చటి పై పొర ఒక్కటే నెమ్మదిగా ఊగుతుంది, కింద నానిన కలప ఉంటే ఆ కంపనాన్ని మింగేస్తుంది కూడా. మొదటి పది నిమిషాలు ఏమీ తెలియదు. తర్వాత చెవి అలవాటుపడుతుంది. లోపల అడ్డుదూలం వచ్చిన చోట కూడా మోత మారుతుంది కాబట్టి కంగారు పడకుండా, పడవకు అటువైపు అదే చోట తట్టి పోల్చుకోవాలి. రెండు పక్కలా ఒకేలా ఉంటే అది కట్టుబడి, ఒక పక్కే తేడాగా ఉంటే అది జబ్బు. అలాంటి చోట్లను సుద్దతో గీసుకుంటూ పోతే చివరికి పడవ మీద ఒక పటం తయారవుతుంది. ఆ గీతలు చాలాసార్లు గాలం కర్ర నిలబెట్టే ఏ రాడ్ హోల్డర్ దగ్గరో, వలలు లాగే వించి కాళ్ళ దగ్గరో, నిచ్చెన స్క్రూల దగ్గరో గుమిగూడి కనిపిస్తాయి. చేపల పడవకు ప్రతి యజమానీ తన వీలుకొద్దీ కొత్త సామాను బిగిస్తాడు, పాతది పీకేస్తాడు. పీకేసిన రంధ్రాలే నీటికి దారులు.

తేమ కొలిచే మీటరు తెచ్చుకుంటే మంచిదే, కానీ అది చెప్పేదాన్ని అర్థం చేసుకుని వాడాలి. ఈ మీటర్లలో చాలావరకు పదార్థంలోని విద్యుత్ స్వభావాన్ని చూస్తాయి. ఆ స్వభావాన్ని చెప్పే అంకె డైఎలక్ట్రిక్ స్థిరాంకం; నీటిది సుమారు 80, పొడి ఫైబర్‌గ్లాస్‌ది 4, 5 మధ్య. అందుకే కాస్త నీరున్నా ముల్లు ఎగురుతుంది. అడుగు రంగులో రాగి ఉన్నా, పొర వెనక ఇనప పలక ఉన్నా, ఉపరితలం మీద ఉప్పు తడి ఉన్నా కూడా అలాగే ఎగురుతుంది. ముల్లు చూపిన అంకె కన్నా, పక్కపక్క చోట్ల మధ్య కనిపించే తేడానే నమ్మాలి.

ఇక బొబ్బలు. ఎన్నాళ్ళో నీళ్ళలో ఉన్న ఫైబర్ పడవ అడుగున కందిగింజంత నుంచి అరచేయంత వరకు పొక్కులు లేస్తాయి. కారణం ద్రవాభిసరణం. జెల్‌కోట్ మనకు గాజులా కనిపించినా నీటి అణువులను పూర్తిగా ఆపలేదు. అవి ఒక్కొక్కటిగా దూరి, లోపల సరిగా గట్టిపడని రెజిన్‌లో మిగిలిన రసాయనాలను కరిగించుకుంటాయి. అలా తయారైన చిక్కటి ద్రవం బయటికి రాలేదు, కానీ మరింత నీటిని లోపలికి లాగుతుంది. ఒత్తిడి పెరిగి జెల్‌కోట్ ఉబ్బుతుంది. బొబ్బను చిదిపితే జిగటగా, వెనిగర్ లాంటి ఘాటు వాసనతో ద్రవం చిమ్ముతుంది. కళ్ళకు అడ్డం లేకుండా ఆ పని చేయకూడదు. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఉప్పునీటి కన్నా మంచినీరే ఈ బొబ్బలను త్వరగా పెంచుతుంది. లోపలి ద్రవానికీ బయటి నీటికీ గాఢతలో తేడా ఎంత ఎక్కువైతే లాగుడు అంత ఎక్కువ. నీరు వెచ్చనైతే ఇంకా వేగం. కాబట్టి వెచ్చటి చెరువులోనో నదిలోనో ఏళ్ళు గడిపిన పడవను ఇంకాస్త అనుమానంగా చూడాలి.

చిన్న బొబ్బలు నాలుగు కనిపించినంత మాత్రాన పడవను వదులుకోనక్కర్లేదు. అవి ఎక్కువగా పై పూతకు సంబంధించినవి, బాగుచేసుకోవచ్చు. భయపడాల్సింది లోపలి పొరలదాకా పోయిన పెద్ద బొబ్బలకు. మోసపోకుండా ఉండాల్సింది మాత్రం వేరే దాని దగ్గర: నెలల తరబడి ఒడ్డున ఎండిన పడవలో బొబ్బలు అణిగిపోయి కనిపించకుండా పోవచ్చు. నీళ్ళలోంచి తీసిన గంటలోనే, అడుగు కడిగి, సూర్యుడు వాలుగా ఉన్నప్పుడో టార్చిని గోడకు ఆనించినట్టు పట్టుకునో చూస్తే ప్రతి ఉబ్బుకూ నీడ పడుతుంది. నేరుగా వేసిన వెలుగులో ఏ తేడా కనిపించదు. అమ్మే ముందు వారమే అడుగుకు కొత్త రంగు వేశారంటే, ఎందుకు వేశారని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

పగుళ్ళను చదవడం కూడా నేర్చుకోవచ్చు. ఒక బిందువు నుంచి సాలెగూడులా విచ్చుకున్నవి దెబ్బ గుర్తులు. ఏ లంగరో, బరువైన పెట్టో డెక్ మీద పడి ఉంటుంది. ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా సాగిన గీతలు వేరే కథ చెబుతాయి. అక్కడ పలక మాటిమాటికీ వంగుతోంది, లోపల ఏదో గట్టి అంచుకు ఒరుసుకుంటోంది. ఇలాంటి గీతలు అడుగున కనిపిస్తే లోపలికి దూరి, సరిగ్గా అదే చోట పడవ పొడవునా సాగే దూలాలు అడుగును వదిలేశాయేమో వేలితో తడిమి చూడాలి.

ఔట్‌బోర్డ్ పడవకు, అంటే ఇంజన్ వెనక బయట వేలాడే పడవకు, నేను అన్నిటికన్నా ఎక్కువసేపు చూసేది వెనక పలక. దాన్నే ట్రాన్సం అంటారు. నాలుగు స్ట్రోకుల 100 హార్స్‌పవర్ ఇంజన్ 150 కిలోలు దాటుతుంది. అంత బరువు పలకకు వెలుపల వేలాడుతూ, తోపును కూడా అక్కడే మోపుతుంది. ఈ పలక మధ్యలో చాలా పడవల్లో ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్ బోల్టుల రంధ్రాల్లో సీలెంట్ వయసైపోతే ఆ ప్లైవుడ్ నీరు తాగుతుంది. ఇంజన్‌ను సగం ఎత్తి, దాని కింది కాలును చేత్తో గట్టిగా పైకీ కిందికీ ఊపండి. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు పలక పై అంచునూ మూలలనూ చూడాలి. పొడవైన కాలు మీటగా పనిచేస్తుంది కాబట్టి చేతి బలమే చాలు. ఇంజన్ దాని బ్రాకెట్‌లో కదిలితే అది వేరే సంగతి. పలకే ఊపిరి పీల్చినట్టు కదిలితే లోపల కలప మెత్తబడిందనే అర్థం. ఇంకా అనుమానం తీరకపోతే, యజమాని ఒప్పుకుంటే, లోపలివైపు నుంచి సన్నటి డ్రిల్లుతో ఒక రంధ్రం వేయించాలి. పొడి పసుపుపచ్చగా, పొడిపొడిగా రాలితే మంచిది. నల్లగా, ముద్దగా, కుళ్ళు వాసనతో వస్తే ఇక బేరం ధర గురించి కాదు.

డెక్ కింద నింపిన ఫోమ్‌ను ఎవరూ అడగరు. పడవ మునిగిపోకుండా తేల్చాల్సిన ఆ ఫోమే ఏళ్ళకు నీరు పీల్చుకుంటుంది. 200 లీటర్ల ఫోమ్‌లో సగం నీటితో నిండితే సుమారు నూరు కిలోల బరువు ఎప్పుడూ పడవలోనే కూర్చుంటుంది. చేపల గది గోడల్లో వేడి రాకుండా పెట్టిన ఫోమ్‌కూ ఇదే గతి, పైగా అక్కడ రోజూ ఐసు కరుగుతుంది. పడవ నీళ్ళలో ఉన్నప్పుడు, ఖాళీగా ఉండి కూడా ఒక పక్కకు ఒరిగిందా, వెనకవైపు కుంగిందా చూడండి. బరువు తూచే వీలుంటే ఇంకా మంచిది. తయారీదారు చెప్పిన బరువుకూ ఈ బరువుకూ మధ్య లెక్కకు రాని తేడా ఎంతుందో అంత నీరు అందులో దాగి ఉండవచ్చు.

చెక్క పడవ దగ్గరికొస్తే శత్రువులు రెండు, చేరే దారులూ రెండు. కలపను కుళ్ళబెట్టే శిలీంధ్రానికి తడి కావాలి. ఎండిన కలప బరువుతో పోల్చి నీటి వాటా 20 శాతం లోపుంటే అది పెరగలేదు. ఉప్పు కూడా దానికి పడదు. అందుకే ఎప్పుడూ సముద్రపు నీళ్ళలో మునిగి ఉండే అడుగు పలక గట్టిగా ఉండి, పైన డెక్ అంచు కింద వాన నీరు ఊరే చోట, చేపల గది వెనక ఐసు నీరు జారే చోట పక్కటెముకల్లాంటి లోపలి దూలాలు పుచ్చిపోతాయి. మొనదేలిన పనిముట్టుతో పొడవాల్సింది అక్కడ. రెండో శత్రువు కింది నుంచి వస్తుంది. ఓడపురుగు అంటారు గానీ టెరెడో అనే ఈ జీవి పురుగు కాదు, ఆల్చిప్పల బంధువు. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది మొనంత రంధ్రం చేసి కలపలోకి దూరి, అక్కడే పెరుగుతూ లోపలంతా సొరంగాలు తవ్వుతుంది. బయటికి ఆ చిన్న రంధ్రమే కనిపిస్తుంది. 1503లో కొలంబస్ తన నాలుగో యాత్రలో మిగిలిన రెండు ఓడలనూ జమైకా తీరంలో ఒడ్డుకెక్కించాల్సి వచ్చింది ఈ జీవి వల్లనే. చెక్క పడవ అడుగున రంగు ఊడిన చోటల్లా పొడిచి చూడకుండా ముందుకు పోవద్దు.

లోహంలో కథ విద్యుత్తుది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగిరేకు తొడిగింది, ఓడపురుగు నుంచి కాపాడాలని. రెండేళ్ళకు విప్పి చూస్తే రాగి బాగానే ఉంది, దాన్ని పట్టుకున్న ఇనప మేకులే తినేయబడ్డాయి. రాగిరేకుకు చుట్టిన కాగితం మేకుకు అడ్డుగా మిగిలిపోయిన చోట మాత్రం మేకు నిలిచింది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉప్పునీటిలో ఉంటే అది బ్యాటరీయే, బలహీనమైన లోహం కరుగుతుంది. ఈ రోజు పడవలకు బిగించే జింక్ ముక్కలు ఈ సూత్రాన్నే తిరగేసి వాడతాయి: మిగతావాటి బదులు తామే కరుగుతాయి. కాబట్టి పాత పడవ మీద జింక్ సగం కరిగి ఉండటమే ఆరోగ్య లక్షణం. కొత్తగా మెరుస్తుంటే పాతది ఎలా ఉండేదో అడగాలి. నెలల తరబడి నీళ్ళలో ఉండి కూడా చెక్కుచెదరకపోతే అది దేనికీ కలిసి లేదు, అంటే ఇంకేదో కరుగుతోంది. అల్యూమినియం పడవ అడుగున తెల్లటి పొడి, రాగి తీగ ముక్క, పడిపోయిన నాణెం కనిపిస్తే ఆ కింద గుంట పడిందేమో చూడాలి.

ఉక్కు పడవ ఎక్కువగా లోపలినుంచే తుప్పు పడుతుంది, మళ్ళీ నిలిచిన నీటివల్లనే. దానికి అల్ట్రాసౌండ్ మీటరు ఉంది. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. 6 మిల్లీమీటర్ల పలకలో లోపలి అంచుదాకా పోయి తిరిగిరావడానికి 2 మైక్రోసెకన్లు. ఆ సమయం తగ్గిందంటే పలక అంత పల్చబడినట్టు. ఈ పని పడవలను పరీక్షించే అనుభవమున్న సర్వేయరుతోనే చేయించాలి, అతనికిచ్చే రుసుము దగ్గర వెనకాడొద్దు.

ఇవన్నీ అయ్యాక నీళ్ళమీద ఒకసారి నడిపి చూస్తారు. బయలుదేరే ముందు పడవ లోపలి అట్టడుగున నీరు చేరే చోటును, అంటే బిల్జ్‌ను గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి, తిరిగొచ్చాక మళ్ళీ చూడండి. ఆ తర్వాత పడవను ఇంకోసారి పైకి తీయించి ఒక రాత్రి అలాగే ఉంచమని అడగండి. తెల్లారేసరికి అడుగంతా ఆరిపోయి ఉంటుంది. అడుగు మధ్య వెన్నుదూలం (కీల్) కింది అంచున, చుక్కాని మొదట్లో, ట్రాన్సం అడుగున ఎక్కడైనా ఇంకా ఒక చుక్క వేలాడుతుంటే వేలితో తుడిచి, పది నిమిషాలు అక్కడే నిలబడండి. అదే చోట ఇంకో చుక్క వచ్చిందంటే అది లోపలినుంచి వస్తోంది.