ఒకే గదిలో అనేక స్థాయులు: ఇంగ్లీషు బోధనపై అపోహలు, వాస్తవాలు

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్‌ని. ప్రతి జూన్‌లో మా ఆరో తరగతిలో చేరే పిల్లలు చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల ప్రాథమిక పాఠశాలల నుంచి వస్తారు. వారిలో ఫీజులు కట్టలేక ప్రైవేటు బడి మానిపించిన పిల్లలుంటారు, అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకు వలస వెళ్లి ఏడాదిలో సగం రోజులు బడికి దూరమైనవారుంటారు, ఇంట్లో అక్కో అన్నో చదివి వినిపిస్తే నేర్చుకున్నవారూ ఉంటారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఏ బిడ్డనైనా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. అందుచేత ఒకే గదిలో అనేక స్థాయులు ఉండటం ప్రభుత్వ బడిలో ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ఇబ్బందిగా కాక, ప్రతి ఏటా పని మొదలయ్యే చోటుగా భావించాలి. అయినా స్టాఫ్ రూములోనూ, శిక్షణ తరగతుల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ ఈ విషయంపై వినపడే మాటల్లో చాలావరకు సరిచూడకుండానే నమ్ముతున్నవి.

అపోహ: కొందరికి ఇంగ్లీషు వస్తుంది, కొందరికి రాదు.

వాస్తవం: "ఇంగ్లీషు రావడం" అనేది ఒక్క నైపుణ్యం కాదు. ఒక ముసలమ్మ సంతకు మేకను తోలుకెళ్లి, అమ్మలేక తిరిగి తెచ్చుకున్న చిన్న కథను ఎనిమిది వాక్యాల్లో రాసుకుని ఏటా ఆరో తరగతికి మొదటి వారంలో ఇస్తాను. ఒక సంవత్సరం ముందు బెంచీ అమ్మాయి ఆ పేరాను ఎక్కడా ఆగకుండా, ఉచ్చారణ తప్పకుండా చదివింది. "మేకను ఎవరు తీసుకెళ్లారు?" అని ఇంగ్లీషులోనే అడిగితే పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయింది. వెనక బెంచీలో, నోటుపుస్తకంలో తేదీ తప్ప మరేమీ రాయని అబ్బాయి మాత్రం "గ్రాండ్‌మదర్" అన్నాడు. అతను ఆ పేరాలో ఒక్క వాక్యం కూడా చదవలేడు, కానీ నేను చదువుతుండగా విన్నాడు. రిజిస్టరులో ఆ అమ్మాయి తెలివైన విద్యార్థిని, ఆ అబ్బాయి వెనకబడిన విద్యార్థి. నిజానికి ఆ రోజు కథ అర్థమైంది అతనికి.

అప్పటి నుంచి నేను ఒక పట్టిక రాసుకుంటున్నాను. విని గ్రహించడం, మాట్లాడటం, పైకి చదవడం, చదివి గ్రహించడం, రాయడం అని అయిదు గడులు గీసి, ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు కూర్చుంటాను. నలభై మందికి మూడు నాలుగు పీరియడ్లు పడుతుంది. ఆ సమయం వృథా అని ఎప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే అయిదు గడుల్లోనూ ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు చాలా అరుదుగా కనిపిస్తారు.

పిల్లలు చేసే తప్పులను కూడా ఈ దృష్టితోనే చూడాలి. "మై ఫాదర్ ఫార్మర్" అని రాసిన బిడ్డ మందమతి అని అనుకోనక్కరలేదు. "మా నాన్న రైతు" అనే తెలుగు వాక్యంలో క్రియే ఉండదు, ఆ బిడ్డ తన భాష నియమాన్ని చక్కగా పాటించాడు. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది గనుకనే బస్ మనకు బస్సయింది, రోడ్ రోడ్డయింది. తెలుగులో రాసినదాన్ని రాసినట్టే చదవడం అలవాటైన పిల్లలు, 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులను రాసుకునే భాషను తొలిసారి చూసినప్పుడు పుట్ (put), బట్ (but) అనే మాటల్లో u అనే ఒకే అక్షరం రెండు రకాలుగా పలకడం చూసి తికమకపడతారు. తెలుగు బాగా చదివేవారే ఇక్కడ ఎక్కువగా ఆగిపోవడం నేను గమనించాను.

అపోహ: బాగా చదివేవారిని ఒక సెక్షన్‌లో, మిగిలినవారిని మరో సెక్షన్‌లో వేస్తే సమస్య తీరుతుంది.

వాస్తవం: ఇది ఉపాధ్యాయుడికి సులువు, పిల్లలకు నష్టం. పేరు ఏది పెట్టినా, ఏ సెక్షన్ ఎవరిదో రెండో రోజుకే పిల్లలందరికీ తెలిసిపోతుంది. ఒకసారి కింది సెక్షన్‌లో పడిన బిడ్డ తోటివారి నోట మంచి ఇంగ్లీషు వినే అవకాశం కూడా కోల్పోతాడు. ఊళ్లో ఇంగ్లీషు వినపడని పిల్లలకు తరగతి గదే ఆ అవకాశమిచ్చే ఒకే ఒక చోటు అయినప్పుడు, ఆ నష్టం చిన్నది కాదు.

అయితే స్థాయిని బట్టి జట్లు కట్టడమే తప్పు అనడమూ సరికాదు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా ప్రాచుర్యం పొందిన పద్ధతిలో పిల్లలను తరగతిని బట్టి కాకుండా, అక్షరాలు, పదాలు, పేరా, కథ అనే చదివే స్థాయిని బట్టి రోజులో కొంతసేపు మాత్రమే జట్లుగా కూర్చోబెడతారు. తరచుగా పరీక్షించి, ఎదిగిన బిడ్డను వెంటనే పై జట్టుకు పంపుతారు. నేను కూడా వారానికి రెండు పీరియడ్లు చదవడం కోసం ఇలాగే జట్లు కడతాను, మిగిలిన పీరియడ్లలో అందరూ కలిసే ఉంటారు. పిల్లలు ఆ జట్టులో ఎంతకాలం ఉంటారన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

అపోహ: మూడు స్థాయులు ఉంటే మూడు పాఠాలు సిద్ధం చేసుకోవాలి.

వాస్తవం: పాఠం ఒకటే ఉండవచ్చు, పిల్లలు దానితో చేసే పని మారాలి. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పే ఉపాధ్యాయుణ్ణి ప్రతిదానికీ మూడు ప్రణాళికలు రాయమంటే రెండో వారానికే ఆ ప్రయత్నం ఆగిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే పని చేసి అలసిపోయాను. అంతకంటే బాధ కలిగించింది ఏమిటంటే, సులువైన కాగితం అందుకున్న పిల్లలు దాన్ని బల్ల కింద దాచుకునేవారు.

ఇప్పుడు నేను చేసేది మెట్ల పద్ధతి. మేక కథనే తీసుకుంటే, మొదట పుస్తకాలు మూయించి రెండుసార్లు చదువుతాను. బోర్డు మీద పన్నెండు మాటలు రాసి ఉంటాయి, వాటిలో కథలో వినపడినవాటిని గుర్తుపట్టడం మొదటి మెట్టు. కథలోని నాలుగు సంఘటనల బొమ్మలను వరుసలో పెట్టడం రెండోది. ఎవరు, ఎక్కడ, ఎందుకు అనే ప్రశ్నలకు ఒకటి రెండు మాటల్లో జవాబు చెప్పడం మూడోది. పేరాను చూసి అయిదు వాక్యాలు పూరించడం నాలుగోది. మేక స్వయంగా కథ చెబుతున్నట్టు తిరగరాయడం అయిదోది. దాని కోసం సర్వనామాలు మారాలి, క్రియలు మారాలి, కొన్ని చోట్ల ఊహ కూడా కావాలి.

ఇందులో నేను తప్పనిసరిగా పాటించే నియమం ఒక్కటే. అందరూ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి. ఎవరికీ వేరే కాగితం ఉండదు, ఎవరి కాగితం మీదా స్థాయి రాసి ఉండదు. ఇరవై నిమిషాల్లో మూడో మెట్టు దాకా అందరూ చేరేలా నేను తరగతిలో తిరుగుతాను. నాలుగోది చాలామంది పూర్తి చేస్తారు, అయిదోది కొందరు మొదలుపెడతారు. బాగా వచ్చిన పిల్లలు ముందుగానే ముగించి అల్లరి చేసే సమస్య కూడా దీనితో చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే అయిదో మెట్టుకు హద్దు లేదు. ఎక్కువ అభ్యాసాలు ఇవ్వడం, కష్టమైన పని ఇవ్వడం ఒకటి కావు. పది ఖాళీలు పూరించిన బిడ్డకు ఇంకో పది ఖాళీలు ఇస్తే, త్వరగా ముగించినందుకు శిక్ష పడిందనే అనుకుంటాడు.

పాఠ్యపుస్తకంలోని ఏ పాఠానికైనా ఈ మెట్లు ఒక్కసారి రాసిపెట్టుకుంటే మరుసటి ఏడాదికి పనికొస్తాయి. నాకు ఒక పాఠానికి ముప్పావు గంట పడుతుంది.

అపోహ: బాగా వచ్చిన పిల్లవాడి పక్కన రాని పిల్లవాణ్ణి కూర్చోబెడితే వాడే నేర్పేస్తాడు.

వాస్తవం: ఊరికే కూర్చోబెడితే జరిగేది కాపీ. జవాబు ఒకరి దగ్గరే ఉన్నప్పుడు రెండోవారికి మాట్లాడవలసిన అవసరమే రాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో 1971లో, అప్పటిదాకా జాతుల వారీగా వేరు వేరు బడుల్లో చదివిన పిల్లలు ఒకే గదిలోకి వచ్చి ఒకరినొకరు ద్వేషించుకుంటున్నప్పుడు, ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి జిగ్‌సా పద్ధతిని రూపొందించాడు. పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ప్రతి బిడ్డ చెప్పింది వింటే తప్ప జట్టుకు పాఠం మొత్తం తెలియదు. భాషా తరగతికి ఇది ఎంతో తగినది, ఎందుకంటే ఇక్కడ మాట్లాడటమే నేర్చుకోవలసిన విషయం.

పైన చెప్పిన ఆ అమ్మాయినీ ఆ అబ్బాయినీ నేను ఇలాగే ఒక జతగా చేశాను. పేరా ఆమె దగ్గర, బొమ్మలు అతని దగ్గర ఉన్నాయి. ఆమె చదవాలి, అతను విని బొమ్మలు వరుసలో పెట్టి, ఎందుకలా పెట్టాడో ఆమెకు చెప్పాలి. మూడో బొమ్మ దగ్గర అతను ఆపి, "అగైన్, అగైన్" అన్నాడు. ఆమె అదే వాక్యాన్ని ఈసారి నెమ్మదిగా, తానేం చదువుతోందో తాను వింటూ చదివింది. ఆమె అర్థం కోసం ఒక వాక్యాన్ని తిరిగి చదవడం నేను చూడటం అదే మొదటిసారి.

అపోహ: తరగతిలో తెలుగు వినపడకూడదు.

వాస్తవం: తెలుగును పూర్తిగా నిషేధిస్తే మాట్లాడేది ముందు బెంచీ మాత్రమే. మిగిలినవారు మౌనంగా ఉండటం నేర్చుకుంటారు. చేయవలసిన పని ఏమిటో తెలియక ఆగిపోయిన బిడ్డకు ఒక్క తెలుగు వాక్యంలో చెప్పి పనిలోకి దించడం వల్ల అతనికి మిగిలిన పదిహేను నిమిషాలు ఇంగ్లీషుతో గడుస్తాయి. అయితే నేను చెప్పిన ప్రతి ఇంగ్లీషు వాక్యానికీ వెంటనే అనువాదం చెప్పే అలవాటును కూడా సమర్థించలేను. తెలుగు అనువాదం ఎలాగూ వస్తుందని తెలిసినప్పుడు పిల్లలు ఇంగ్లీషు వినడమే మానేస్తారు. అందుకే ముందు ఇంగ్లీషులో చెప్పి, సైగతోనో బొమ్మతోనో మళ్లీ చెప్పి, అప్పటికీ అర్థం కాకపోతే తెలిసిన పిల్లల చేత తెలుగులో చెప్పిస్తాను. కథను జట్టులో చర్చించేటప్పుడు తెలుగులో మాట్లాడుకోవచ్చు, నాకు వినిపించేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో ఎంత వస్తే అంత చెప్పాలి.

అపోహ: చకచకా చేతులు లేస్తుంటే తరగతి చురుగ్గా ఉన్నట్టు.

వాస్తవం: ఆ చేతులు ఎప్పుడూ అయిదారుగురివే. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు సైన్సు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకో అంతకంటే ఎక్కువకో పెంచితే జవాబులు పొడవయ్యాయి, వెనకబడినవారని అనుకున్న పిల్లలు కూడా జవాబు చెప్పారు. పరాయి భాషలో ప్రశ్న విని, తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చుకోవలసిన బిడ్డకు ఆ మూడు సెకన్లు కూడా చాలవు. నేను ప్రశ్న వేసి, చేతులు దింపమని చెప్పి, మనసులో పది లెక్కపెట్టి, ఆపైన పేరు పిలుస్తాను.

అపోహ: పరీక్ష అందరికీ ఒకటే కాబట్టి ఇవన్నీ వృథా.

వాస్తవం: తల్లిదండ్రులు అడిగే ఈ ప్రశ్న న్యాయమైనదే. కొంత కాలం చదివిన పాఠాలన్నిటి మీద పెట్టే సమ్మెటివ్ పరీక్ష పత్రం అందరికీ ఒకటే, దాన్ని నేను మార్చలేను. కానీ చదువు సాగుతుండగానే చేసే ఫార్మెటివ్ మూల్యాంకనంలో లఘు పరీక్షతో పాటు భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు కూడా ఉన్నాయి, వీటిలో బిడ్డ ఉన్న చోటు నుంచి ఎంత కదిలాడో చూపే వీలుంది. నోటుపుస్తకం దిద్దేటప్పుడు కూడా ఇదే పాటిస్తాను. ఒక్కొక్కరికి ఆ వారానికి ఒకే ఒక అంశం, ఒకరికి క్రియాపదం, మరొకరికి పెద్దక్షరం, ఇంకొకరికి వాక్యం చివరి చుక్క. ఎర్ర సిరాతో నిండిన పేజీని పిల్లలు చదవరు. వెనక బెంచీ అబ్బాయి పుస్తకంలో జూలై అంతా నేను దిద్దింది అతను రాసిన మాటల మధ్య ఖాళీ వదిలాడా లేదా అన్న ఒక్కటే. ఆగస్టులో అతని మూడు వాక్యాలు విడివిడిగా కనిపించాకే వాటిలోని స్పెల్లింగుల మీద పెన్ను పెట్టాను.