శ్రుతి మించిందంటే

ఉత్సవంలో అపశ్రుతి, ఊరేగింపులో అపశ్రుతి అని పేపర్లో చూస్తుంటాం. అక్కడ ఎవరూ పాట తప్పు పాడలేదు, ప్రమాదం జరిగిందని అర్థం. వేళాకోళం హద్దు దాటితే శ్రుతి మించిందంటాం, ఇంకా ముదిరితే రాగాన పడిందంటాం. సంగీతం బొత్తిగా రానివాళ్ల నోటా ఈ మాట ఆడుతూనే ఉంటుంది.

దీనికి మూలం 'శ్రు' ధాతువు, అంటే వినడం. చెవితో విని నేర్చుకున్నారు గనక వేదం శ్రుతి అయింది. నలుగురి నోటా వినవచ్చేది జనశ్రుతి. సంగీతంలోకి వచ్చేసరికి ఈ ఒక్క మాటే మూడు పనులు చేస్తుంది.

నాట్యశాస్త్రంలో శ్రుతి అంటే స్వరాల మధ్య దూరాన్ని కొలిచే సన్నటి తేడా. ఒక స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, 22 శ్రుతులు: స, మ, ప లకు నాలుగేసి, రి, ధ లకు మూడేసి, గ, ని లకు రెండేసి.

ఇప్పటి గాయకుణ్ణి "మీ శ్రుతి ఎంత?" అని అడిగితే ఒకటనో, ఐదున్నరనో చెబుతారు. అది ఆయన షడ్జమం, అంటే స, ఉండే చోటు. హార్మోనియం మీద తెల్ల మెట్లకు అంకెలు, నల్ల మెట్లకు అరలు. మూడున్నర శ్రుతి మాత్రం లేదు, ఎందుకంటే మూడో తెల్ల మెట్టుకూ నాలుగోదానికీ మధ్య నల్ల మెట్టే లేదు! ఈ లెక్క నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

మూడోది శ్రుతి చేయడం. అసలు సైన్సంతా ఇక్కడే. తంబురాలో ఒక తీగ సెకనుకు 200 సార్లు, పక్కది 203 సార్లు కంపిస్తే, రెండూ కలిసిన నాదం సెకనుకు మూడుసార్లు పెరిగి తగ్గుతుంది. ఫిజిక్స్‌లో వీటిని విస్పందనాలంటారు. తీగను బిగించే బిరడా తిప్పేకొద్దీ ఆ ఊగిసలాట నెమ్మదించి, చివరికి ఆగిపోతుంది. అప్పుడు శ్రుతి కలిసినట్టు.

స, ప తీగలు వేరువేరు స్వరాలు గదా, అవెలా కలుస్తాయి? ప్రతి తీగా తన కంపనానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కూడా పలుకుతుంది. స 200 అయితే దాని మూడింతలు 600. ప 300 అయితే దాని రెట్టింపూ 600. ప 301కి జరిగిందా, 600 పక్కన 602 చేరి, సెకనుకు రెండు విస్పందనాలు బయటపడతాయి. నేర్చిన చెవి పట్టుకునేది దీన్నే, లెక్క తెలియకపోయినా.

తేడా సెకనుకు ఇరవై, ముప్పై దాకా పెరిగితే ఆ ఊగడం విడిగా వినపడదు, గరగరలాడుతుంది. ఇంకా బాగా పెరిగితే గరగర పోయి రెండు స్వరాలూ దేనికది హాయిగా వినిపిస్తాయి.