పాత గిబ్సన్ మాండలిన్‌కి వయసు కట్టడం: అపోహలు - వాస్తవాలు

మన తెలుగువాళ్ళకి మాండలిన్ అనగానే పాలకొల్లు శ్రీనివాస్ గారే గుర్తొస్తారు, ఆయన వాయించింది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్, దాని కథ వేరు. నేను ఇక్కడ మిషిగన్‌లో రిపేర్ చేసేవి ఎనిమిది తీగలవి, ఎక్కువగా ఇదే రాష్ట్రంలో కలమజూ ఊళ్ళో గిబ్సన్ కంపెనీ చేసిన పాతవి. తెచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఇది ఏ సంవత్సరంది అని. ఎక్కడో ఒక గుర్తు చూసి వాళ్ళే ఒక సంవత్సరం అనేసుకుని వస్తారు, దాన్ని నమ్మి ఎక్కువ డబ్బు పోసినవాళ్ళూ ఉన్నారు, మంచి సరుకుని దొంగ సరుకు అనుకుని చవగ్గా వదిలేసినవాళ్ళూ ఉన్నారు, రెండోది చూస్తే నాకు ఇంకా బాధ.

అపోహ: దాని మీద పేటెంట్ తేదీ ఉంది కదా, అదే తయారైన సంవత్సరం.

వాస్తవం: మొన్నామధ్య ఒక తమ్ముడు ఎస్టేట్ సేల్‌లో, అంటే పోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మేచోట, కొన్న ఎ మోడల్ (నీటిబొట్టు ఆకారంలో ఉండే మామూలు గిబ్సన్) పట్టుకొచ్చాడు, "అన్నా, ఇది 1911 ది, రాసి ఉంది చూడు" అన్నాడు. నిజమే, పిక్‌గార్డ్‌ని, అంటే మీటేటప్పుడు చెక్క గీరుకుపోకుండా పెట్టే పలకని, పక్కనుంచి పట్టి ఉంచే క్లాంప్ మీద 1911 జులై 4 అని కొట్టి ఉంది. అది ఆ క్లాంప్‌కి పేటెంట్ వచ్చిన రోజు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే ముద్రతో క్లాంపులు బిగిస్తూనే ఉన్నారు. కాబట్టి ఆ ముద్ర చెప్పేది ఒక్కటే, ఈ క్లాంప్ 1911 కంటే ముందుది అవ్వదు అని. ఎత్తు మార్చుకునే బ్రిడ్జ్ (తీగల్ని మోసే చెక్కముక్క) మీద 1921 జనవరి 18 ఉంటుంది, దానితో ఇంకో తిరకాసు, బ్రిడ్జ్‌ని జిగురుతో అంటించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది, అందుకని 1914 నాటి మాండలిన్ మీద కూడా ఎవరో తర్వాత ఆ కొత్త బ్రిడ్జ్ పెట్టేసి ఉంటారు. తమ్ముడు తెచ్చినదానికి హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే తల) మీద ట్రస్ రాడ్ మూత ఉంది, ట్రస్ రాడ్ అంటే మెడ వంగకుండా లోపల పెట్టే లోహపు కడ్డీ, మూత విప్పితే లోపల నిజంగానే రాడ్ ఉంది, ఆ రాడ్ 1921-22 లో గానీ రాలేదు, అంటే 1911 అన్న మాటే లేదు.

అపోహ: లేబుల్ మీద సీరియల్ నంబర్ చూసి చార్ట్‌లో వెతికితే సంవత్సరం ఖాయం.

వాస్తవం: ఇది సగమే నిజం. గిబ్సన్‌లో రెండు నంబర్లు వాడారు. ఒకటి సౌండ్‌హోల్ (ముందు పలకకి ఉన్న రంధ్రం) లోంచి కనిపించే కాగితం లేబుల్ మీద సిరాతో రాసిన సీరియల్, అది పని అంతా పూర్తయ్యాక వేసేది. రెండోది ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్, లోపల మెడ అతుక్కునే చెక్కదిమ్మ మీద ఉంటుంది, ఒక బ్యాచ్ మొత్తానికి ఒకటే, పని మొదలుపెట్టినప్పటిది. పంటి డాక్టర్ వాడే చిన్న అద్దం, ఒక టార్చ్ ఉంటే కనిపిస్తుంది, కొన్నిట్లో చెరిగిపోయి ఉంటుంది. బ్యాచ్‌లో కొన్ని ముందు బయటికెళ్తాయి కొన్ని అక్కడే ఆగిపోతాయి, అందుకే ఒకే ఆర్డర్ నంబర్ ఉన్న రెండిటికి సీరియల్స్ బాగా ఎడంగా ఉంటే కంగారుపడక్కర్లేదు. పైగా లేబుల్ అంటే కాగితమే కదా, ఊడిపోతుంది, మార్చేస్తారు కూడా. లేబుల్ చెప్పేదీ దిమ్మ చెప్పేదీ బొత్తిగా కలవకపోతే నేను దిమ్మనే నమ్ముతాను.

ఇంకో సంగతి, సీరియల్ చార్టులు 1922-24 మధ్య గట్టిగా నిలబడటానికి కారణం ఆ ఏళ్ళలో గిబ్సన్‌లో పనిచేసిన లాయిడ్ లోర్ సంతకం చేసి తేదీ వేసిన లేబుళ్ళు. అమెరికా బ్లూగ్రాస్ సంగీతకారుడు బిల్ మన్రో వాయించిన ఎఫ్-5 (గిబ్సన్ ఖరీదైన మోడల్) సీరియల్ 73987, సంతకం తేదీ 1923 జులై 9. సీరియల్ ఒక లేబుల్ మీద, తేదీ ఇంకో లేబుల్ మీద, రెండూ ఒకే మాండలిన్ లోపల, ఇలాంటి జంటలు దొరికితేనే చార్ట్‌కి మేకు దిగినట్టు. మిగతా ఏళ్ళలో అంత ఆధారం లేదు కాబట్టి చార్ట్ చూసి సంవత్సరం చెప్పినా అటో ఇటో ఒక ఏడాది వదిలిపెట్టుకోవాలి.

అపోహ: ఒక గుర్తు పాతకాలంది, ఇంకోటి కొత్తకాలంది ఉంటే ఎవరో కెలికారన్నమాట.

వాస్తవం: ఈ అపోహ వల్లే ఎక్కువ నష్టం. ట్రస్ రాడ్ 1921-22 లో వచ్చింది, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడే హెడ్‌స్టాక్, అదే స్నేక్‌హెడ్ అంటారు, దాదాపు అప్పుడే కొంచెం వెనకగా వచ్చింది, రెండూ ఒకే రోజున మొదలవ్వలేదు. అందుకే పాత వెడల్పు హెడ్‌స్టాక్ ఉండి లోపల ట్రస్ రాడ్ ఉన్నవి దొరుకుతాయి, తమ్ముడిది సరిగ్గా అలాంటిదే, దాన్ని నేను 1922 చుట్టూ పెట్టాను, సీరియల్ కూడా అటే చూపించింది. ఫ్యాక్టరీలో చెక్కిన మెడలు, తయారైన మాండలిన్ బాడీలు స్టాక్‌లో ఉంటే పారేస్తారా, అవి అయిపోయేదాకా వాడతారు. చవక మోడల్ ఎ-జూనియర్ లాంటివాటిలో రాడ్ పెట్టనివీ ఉన్నాయి. లోర్ సంతకం ఉన్న ఎఫ్-5 లలో కూడా 1923 జులై 9 తేదీవి కొన్నిటికి అంచు పట్టీ పక్కవైపు కనిపించేలా వేశారు, మిగతావాటికి వేరేలా. అంత ఖరీదైన సరుకులోనే ఇంత తేడా ఉంటే మామూలు ఎ మోడల్ అచ్చుపోసినట్టు ఉండాలని అడగడం న్యాయం కాదు.

కెలికినది ఎలా తెలుస్తుందంటే, పాత స్క్రూ బొక్కలు పూడ్చిన మచ్చ, వార్నిష్ కింద ఇంకో రంగు, ట్యూనర్ల (తీగలు బిగించే మరల) వెనక వేరే ప్లేటు ముద్ర, ఇవీ చూడాల్సినవి. ట్యూనర్లు మార్చడం చాలా మామూలు కాబట్టి వాటితో వయసు కట్టడం నేను ఎప్పుడో మానేశాను.

అపోహ: 1922-24 గిబ్సన్ అంటే లోర్ చేసిన మాండలిన్.

వాస్తవం: లోర్ గారు వడ్రంగి బెంచి మీద కూర్చుని చెక్కలేదు, ఆయన 1919 నుంచి 1924 చివరిదాకా కంపెనీలో ఉన్న వాద్యకారుడు, శబ్దం తెలిసిన మనిషి. ఆ లేబుల్ మీద రాసింది కూడా పరీక్షించి, ట్యూన్ చేసి, ఆమోదించాను అనే. సంతకాలు గుంపులు గుంపులుగా ఒకే తేదీతో ఉంటాయి, అంటే అది ఆయన చూసి సరేనన్న రోజు, చెక్క కోసిన రోజు కాదు. సంతకం ఎఫ్-5 లాంటి 5 వరుస వాద్యాలకే, ఎ మోడల్స్‌లో సంతకం ఉన్నది తెలిసినంతలో ఒకే ఒక్క ఎ-5. మామూలు ఎ-2 ని "లోర్ కాలంది" అనొచ్చు, అబద్ధం కాదు, కానీ దానికి లోర్ ధర పెట్టకండి.

అపోహ: కేటలాగ్‌లో మేపుల్ అని ఉంది, దీని వెనక పలక బర్చ్, కాబట్టి మార్చేశారు.

వాస్తవం: 1910ల ఎ మోడల్స్‌లో బర్చ్ మామూలే. కేటలాగ్ అమ్మడానికి రాసింది.

నాకు ఫోటోలు పంపేవాళ్ళు ముందు మాండలిన్ తుడవకండి, పొడిపొడిగా రాలుతున్న పాత సెల్యులాయిడ్ పిక్‌గార్డ్ ఉంటే దాన్ని వేరే కవర్‌లో పెట్టండి, దాని ఆవిరి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది. లేబుల్, లోపలి దిమ్మ, ట్రస్ రాడ్ మూత తీసిన హెడ్‌స్టాక్, ఈ మూడూ పంపితే చాలు. తమ్ముడి మాండలిన్‌కి నేను రాసిచ్చిన చీటీ మీద కూడా "1921 చివర - 1923 మొదలు, ట్యూనర్లు మార్చినవి" అనే ఉంది.