సున్నం మరుగుతోందా, మారుతోందా?

"నీళ్లు కాగినా బుడగలొస్తాయి, వంటసోడా మీద నిమ్మకాయ పిండినా బుడగలొస్తాయి. రెండోదాన్నే రసాయన చర్య అంటారెందుకు?" బడిపిల్లలు అడిగే ఈ ప్రశ్నకు జవాబు బకెట్‌ సున్నంలో దొరుకుతుంది. రంగు మారడం, వేడి పుట్టడం, వాయువు రావడం, అవక్షేపం (నీటిలో కరగక విడిపడే పొడి) దిగడం అని వల్లె వేయించే గుర్తులు అనుమానానికి మాత్రమే పనికొస్తాయి. అంతకుముందు లేని పదార్థం పుట్టిందా అన్నదే చూడాలి.

పండక్కి ఇంటికి వేసే సున్నంలో గుప్పెడు జాజు కలిపితే గులాబీ రంగొస్తుంది. తెల్లపొడి, ఎర్రపొడి పక్కపక్కన చేరాయి, అంతే. అదే సున్నంలో చిటికెడు పసుపు వేయండి, నెత్తుటి ఎరుపు! ఆ ఎరుపు సున్నంలో లేదు, పసుపులో లేదు. పసుపులోని కర్క్యుమిన్‌ అణువు నుంచి సున్నంలోని క్షారం హైడ్రోజన్‌ అయాన్‌ను లాక్కుంటుంది. దాంతో అణువులో ఎలక్ట్రాన్ల అమరిక మారి, అది పీల్చుకునే కాంతి మారుతుంది. నిమ్మరసం పిండితే పోయిన అయాన్‌ తిరిగొచ్చి మళ్లీ పసుపు రంగే. "రసాయన మార్పు వెనక్కి రాదు" అని పిల్లలకు చెప్పడం మానాలి, అది తప్పు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. పసుపు పూసిన చేతి మీద సున్నపు తేట చల్లి, నెత్తురు కారిందని భయపెట్టి డబ్బు గుంజే మోసమూ ఇదే. నిమ్మచెక్క రుద్దితే ఆ నెత్తురు మళ్లీ పసుపు రంగుకొస్తుంది.

ఇక వేడి. తెలంగాణలోని వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది సున్నపురాయి మీదే. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు 900 డిగ్రీల దాకా కాలిస్తే 44 కిలోలు కార్బన్‌ డయాక్సైడ్‌గా పోయి 56 కిలోల గడ్డసున్నం మిగులుతుంది. ఆ గడ్డలు నీళ్లలో పడితే కింద పొయ్యి లేకుండానే కుతకుతలాడతాయి. కిలో సున్నం సుమారు 320 మిల్లీలీటర్ల నీటిని తనలో కలిపేసుకుని 1.32 కిలోల తడిసున్నంగా మారుతుంది. అప్పుడు పుట్టే వేడి, 30 డిగ్రీల నీళ్లు దాదాపు నాలుగు లీటర్లు మరిగించడానికి చాలు. ఇక్కడ లేచే బుడగలు మాత్రం ఉత్త ఆవిరి. అంటే వేడి నిజం చెప్పింది, బుడగలు తప్పుదోవ పట్టించాయి.

ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. కుప్ప మీద కాసిని నీళ్లు చల్లితే ఎగిరి మీద పడుతుంది. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు, అద్దాలు తప్పనిసరి. వేడెక్కకపోతే ఆ సున్నం సంచిలోనే గాలిలోని తేమను పీల్చి ముందే మారిపోయిందన్నమాట. మరీ ఎక్కువ కాలిన గడ్డలది మరో తంటా. అవి నెమ్మదిగా నానుతాయి. వడకట్టకుండా గోడకు పూస్తే నెలల తర్వాత లోపల ఉబ్బి పెచ్చులు లేపుతాయి.

లీటరు నీళ్లలో చెంచాడు తడిసున్నం కలిపి రాత్రంతా ఉంచి, పైతేట వంచుకోండి. లీటరులో కరిగేది గ్రామున్నర పైచిలుకే. అందులోకి గొట్టంతో ఊదితే (పీల్చొద్దు) పాలలా తెల్లబడుతుంది. ఊపిరిలోని కార్బన్‌ డయాక్సైడ్‌తో కలిసి సున్నపురాయి మళ్లీ పుట్టింది! తాగునీటి నుంచి ఫ్లోరైడ్‌ తీసే నల్గొండ పద్ధతిలో సున్నం, పటిక వేశాక దిగే మడ్డి కూడా అవక్షేపమే.

ఇంకా ఊదుతూ పోతే తెలుపు మాయమై తేటబడుతుంది. చర్య రద్దు కాలేదు, కార్బొనేట్‌ కరిగే బైకార్బొనేట్‌ అయింది. ఆ తేటను కాచండి, మళ్లీ తెలుపు. మన బోరునీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లపొర ఇలా వచ్చిందే. దాని మీద వెనిగర్‌ పోస్తే బుసబుస పొంగుతుంది. ఆ వాయువును గొట్టంతో సున్నపు తేటలోకి పంపి చూడండి. తేట తెల్లబడితే, అది ఆవిరి కాదు.