బెంగళూరు ప్రాజెక్టులో గ్రూప్ వర్క్ లేదు

ఇంగ్లీషు పీరియడ్‌లో గ్రామర్ చెప్పాలా, యాక్టివిటీలు చేయించాలా అన్న పంచాయితీ మళ్లీ రాజుకుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టాక ఇది సద్దుమణిగిందే లేదు. చూడటానికి వచ్చినవాళ్లకు పిల్లలు గుంపులుగా కూర్చుని కనబడాలి, పరీక్షలో మార్కులూ రావాలి, మధ్యలో నలిగేది మేమేనంటారు టీచర్లు.

వాక్య నిర్మాణాల్ని ఒక్కొక్కటిగా నేర్పే పాత స్ట్రక్చరల్ పద్ధతి, వాక్యాల వల్లెవేత అందరూ ఎరిగినవే. మలుపు 1979లో వచ్చింది. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసే ఎన్.ఎస్. ప్రభు దక్షిణాదిలో కొన్ని మామూలు బడులు ఎంచుకుని, పాఠాల బదులు టాస్కులతో, అంటే ఆలోచించి తేల్చాల్సిన చిన్న పనులతో, ఇంగ్లీషు నేర్పే ప్రయోగం మొదలుపెట్టారు. 1984 దాకా నడిచిన ఆ ప్రయోగమే బెంగళూరు ప్రాజెక్టు.

ఆ క్లాసు తీరు వేరు. రైళ్ల టైంటేబుల్ ఒకటి ముందు పెట్టి, ఏ బండి ముందు చేరుతుంది, ఎంతసేపు పడుతుంది అంటూ టీచరే తరగతి మొత్తంతో మాట్లాడుతూ లెక్క తేలుస్తారు. తర్వాత అలాంటిదే ఇంకోటి ఇస్తే పిల్లలు ఎవరికి వారు చేయాలి. జవాబు సరైనదైతే మార్కు పడుతుంది, వాక్యంలో తప్పున్నా సరే. గ్రూప్ వర్క్ ఊసే లేదు. తోటివాళ్ల తప్పుల ఇంగ్లీషే పిల్లలకు అంటుకుంటుందని ప్రభు దాన్ని కావాలనే పక్కన పెట్టారు. ఇవాళ టాస్క్ అంటే గుంపులు కట్టించడమే అనుకునేవాళ్లు ఈ ముక్క ఎక్కడ పోగొట్టుకున్నారో!

టీచర్ల గోడుకు బలం ఇచ్చే సంగతి ఇంకోటుంది. ఈ క్లాసులు చెప్పినవాళ్లలో ఎక్కువమంది బయటినుంచి వచ్చిన, ఇంగ్లీషు బోధనలో ఆరితేరినవాళ్లు. ఆ బడుల సొంత టీచర్లు కొద్దిమందే. తర్వాత ఈ ప్రాజెక్టు ఫలితాల్ని పరిశీలించిన పరిశోధకుడు అలన్ బెరెట్టా ఆరా తీస్తే, ఈ పద్ధతి పట్టుబడక ఇబ్బందిపడింది ఎక్కువగా ఆ సొంత టీచర్లేనని తేలింది.

యాక్టివిటీల పక్షంవాళ్లు చూపించేది బెరెట్టా, మరో పరిశోధకుడు అలన్ డేవిస్ కలిసి పెట్టిన పరీక్షల్ని. 1985లో బయటికొచ్చిన ఆ ఫలితాల్లో స్ట్రక్చర్ల పరీక్షలో పాత పద్ధతి పిల్లలు, టాస్కుల పరీక్షలో ప్రాజెక్టు పిల్లలు ముందున్నారు. సందర్భంలో పెట్టి అడిగిన గ్రామర్‌లోనూ ప్రాజెక్టు పిల్లలదే పైచేయి. అది నిజమే. ఆ పిల్లలకు ఎవరు చెప్పారన్నది మాత్రం ఈ వాదనలో ఎవరూ ఎత్తరు.